ఊహాలోకాలు, వాటి పటాలు

భూమ్మీద ఎక్కడా లేని దేశానికి పటం గీసి, అందులో కొండలు ఎక్కడ లేచాయో, ఏరు ఎటు పారుతుందో, ఏ రేవులో ఏ సరుకు దిగుతుందో, అక్కడి జనం ఏ పండుగ చేసుకుంటారో ఏళ్ళ తరబడి తేల్చుకుంటూ పోయే అభిరుచిని ఊహాలోక నిర్మాణం అంటారు. నవలలు, సినిమాలు, వీడియో గేములు దీని మీద నిలబడ్డాయి. కానీ ఈ పని చేసేవాళ్ళలో చాలామంది ఏ పుస్తకమూ అచ్చు వేయరు, ఏ ఆటా అమ్మరు. నోటుబుక్కుల్లో, గ్రాఫ్ కాగితాల మీద, ఇప్పుడు కంప్యూటర్లలో తమ దేశాన్ని తాము పెంచుకుంటారు. పేరున్న రచయితల గురించే అందరూ రాస్తారు గనక ఈ అభిరుచి సాహిత్యానికి తోకలా కనిపిస్తుంది. తరచి చూస్తే చాలాచోట్ల ముందు పుట్టింది పటమే. కథ దాని వెంట వచ్చింది.

దీన్ని పురాణ భూగోళంతో కలపకూడదు. జంబూద్వీపం మొదలు ఏడు ద్వీపాలు, వాటిని చుట్టి ఉప్పునీరు, చెరకురసం, మద్యం, నెయ్యి, పాలు, పెరుగు, మంచినీళ్ళ సముద్రాలు భాగవతం పంచమ స్కంధంలో వివరంగా ఉన్నాయి. పోతన పేరుతో నడిచే తెలుగు భాగవతంలో ఆ స్కంధాన్ని రాసింది గంగన. ద్వీపం నుంచి ద్వీపానికి వెడల్పు రెట్టింపవుతుంది, యోజనాల లెక్క ఎక్కడా తప్పదు. అయినా చెప్పేవాళ్ళకూ వినేవాళ్ళకూ అది ఉన్న లోకం. ఊహాలోకం గీసేవాళ్ళకు తమ దేశం లేదని తెలుసు. తెలిసే, ఉన్నదాని మీద ఎంత జాగ్రత్తగా లెక్క చూస్తారో అంత జాగ్రత్తగా చూస్తారు.

ఐరోపాలో అచ్చయిన కల్పిత పటాల్లో తొలినాటిది థామస్ మోర్ 'యుటోపియా'లోది (1516). జొనాథన్ స్విఫ్ట్ 1726లో 'గలివర్స్ ట్రావెల్స్'కు పటాలు జతచేసి, లిల్లిపుట్‌ను సుమత్రా దాపున, బ్రాబ్డింగ్నాగ్‌ను ఉత్తర అమెరికా పడమటి ఒడ్డున అతికించాడు. ఈ రెండూ తమ కాలపు సమాజం మీద రాసిన వ్యాఖ్యలు. అభిరుచిగా సాగిన లోకనిర్మాణం ఆనవాళ్ళు స్పష్టంగా దొరికేది పిల్లల దగ్గర.

పిల్లల దేశాలు

1826 జూన్‌లో ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో హావర్త్ ఊరి మతాచార్యుడు పాట్రిక్ బ్రాంటీ లీడ్స్ నుంచి కొడుకు బ్రాన్‌వెల్ కోసం డజను చెక్క సైనికులను తెచ్చాడు. అప్పటికి షార్లెట్‌కు 10 ఏళ్ళు, అందరికన్నా చిన్నదైన ఆన్‌కు 6. నలుగురు పిల్లలూ తలా ఒక బొమ్మ తీసుకుని పేర్లు పెట్టారు. ఆ బొమ్మలను ఓడలో పశ్చిమాఫ్రికా తీరానికి పంపి, అక్కడ గ్లాస్ టౌన్ అనే నగరాన్ని, దాని చుట్టూ నాలుగు రాజ్యాల సమాఖ్యను నిలబెట్టారు. బ్రాన్‌వెల్ దానికి పటం గీశాడు. సైనికులు చదువుకోవడానికి వీలుగా అరచేతిలో సగం కూడా నిండని పుస్తకాలు కుట్టి, అచ్చు అక్షరాల్లా కనిపించే సన్న దస్తూరీతో నింపారు. వాటిలో ఒకదాన్ని 2019లో పారిస్ వేలంలో బ్రాంటీ సొసైటీ 6 లక్షల యూరోలకు కొని హావర్త్ ఇంటికి తిరిగి తెచ్చింది.

ఈ ఆట బాల్యంతో ముగిసిపోలేదు. షార్లెట్, బ్రాన్‌వెల్ కలిసి ఆంగ్రియా రాజ్యాన్ని పెంచారు. ఎమిలీ, ఆన్ వేరుపడి గోండల్ ద్వీపాన్ని సృష్టించుకున్నారు. 1845లో ఎమిలీకి 27 నిండబోతుండగా అక్కచెల్లెళ్ళిద్దరూ యార్క్ ప్రయాణంలో దారి పొడుగునా గోండల్ పాత్రలై మాట్లాడుకున్నారని ఎమిలీ రాసిపెట్టుకున్న కాగితం మిగిలింది. ఎమిలీ నవల 'వుదరింగ్ హైట్స్' వెలువడింది 1847లో. ఆ నవలలోని గాలి, రాయి, పగ ముందు గోండల్‌లో పెరిగాయని నమ్మడానికి ఆమె కవితలే ఆధారం. వాటిలో చాలా కవితలు గోండల్ పాత్రల నోట పలికినవే.

బెల్‌ఫాస్ట్‌లో సి.ఎస్. లూయిస్, అతని అన్న వార్నీ కట్టిన లోకంలో మనకొక వాటా ఉంది. తమ్ముడిది మనుషుల్లా బట్టలు కట్టిన జంతువుల దేశం. అన్నది రైళ్ళు, ఓడలు తిరిగే 'ఇండియా'. రెండూ ఒకే లోకంలో ఇమడాలంటే ఇండియాను ఎక్కడో ఒకచోట పెట్టాలి. అందుకని దాన్ని హిమాలయాల వెనక గీత గీసి కోసి, ఉత్తరాన కూడా సముద్రం చుట్టిన ద్వీపంగా మార్చారు. రెండు దేశాల మధ్య ఓడదారులు గీసింది వార్నీ. ఆ ఉమ్మడి లోకం పేరు బాక్సెన్. తమ్ముడు పెద్దయ్యాక రాసిన నార్నియా అప్పటికి ఇంకా చాలా దూరంలో ఉంది.

బీబీసీలో శ్రోతల పరిశోధన విభాగాన్ని నడిపిన రాబర్ట్ సిల్వీకి చిన్నప్పుడు సొంత దేశం ఒకటుండేది. పదవీ విరమణ చేశాక ఆయన అలాంటి దేశాలున్న మనుషులను వెతికి, వాళ్ళ జ్ఞాపకాలు సేకరించాడు. ఆ సామగ్రి ఆధారంగా మానసిక వైద్యుడు స్టీఫెన్ మెక్‌కీత్, మనస్తత్వవేత్త డేవిడ్ కోయెన్ 1990ల్లో పుస్తకం తెచ్చారు. ఒంటరితనం వల్లే పిల్లలు లోకాలు కట్టుకుంటారన్న మాట ప్రచారంలో ఉన్నా బ్రాంటీలు, లూయిస్ సోదరులు దానికి ఎదురుసాక్ష్యం. ఈ లోకాలు తోడుంటేనే పెరిగాయి.

పటం ముందా, కథ ముందా

1881 వేసవి చివర స్కాట్లండ్‌లోని బ్రేమర్‌లో వాన వదలడం లేదు. సెలవులకు వచ్చిన సవతి కొడుకు లాయిడ్‌తో పొద్దుపుచ్చుతూ ఆర్.ఎల్. స్టీవెన్సన్ ఒక దీవి పటం గీసి రంగులు వేశాడు. ఆ గీతల్ని చూస్తుంటే అడవుల మధ్య నుంచి మనుషులు, కత్తులు, పాతర కోసం పోట్లాటలు పైకి రావడం మొదలైందని ఆయనే తర్వాత రాశాడు. 'ట్రెజర్ ఐలండ్' అలా పుట్టింది. నవలను పుస్తకంగా అచ్చు వేసే వేళకు పటం ప్రచురణకర్తకు చేరలేదు, దారిలో పోయింది. ఉత్తి కాగితం మీద ఇష్టం వచ్చిన దీవి గీయడం సులువు. రాసేసిన పుస్తకంలో ఎక్కడెక్కడ కొండ ప్రస్తావన ఉంది, ఏ లంగరుచోటు నుంచి ఏ దిక్కుకు నడిచారు అని ఏరి, వాటన్నిటికీ సరిపడేలా కాంపస్‌తో కొలిచి మళ్ళీ గీయడం వేరే పని. స్టీవెన్సన్ ఆ పని చేశాడు. లైట్‌హౌసులు కట్టే ఇంజినీరైన తండ్రి కార్యాలయంలో కొత్త పటం తయారైంది. తండ్రి దాని మీద కెప్టెన్ ఫ్లింట్ సంతకం పెట్టాడు. కానీ స్టీవెన్సన్ మనసులో అది మొదటి పటానికి సాటి రాలేదు.

లెక్క తప్పితే ఏమవుతుందో ఎల్. ఫ్రాంక్ బామ్ ఓజ్ పుస్తకాలు చూపిస్తాయి. 1914లో 'టిక్-టాక్ ఆఫ్ ఓజ్'తో వచ్చిన పటంలో తూర్పున ఉండాల్సిన మంచ్‌కిన్ల సీమ పడమటికి పోయింది. నూరేళ్ళ పైబడి ఓజ్ అభిమానులు ఆ తప్పును సర్దడానికి కారణాలు కల్పిస్తూనే ఉన్నారు.

పాఠకుల ప్రశ్నలకు జవాబుగా పుట్టిన లోకం మరొకటి ఉంది. 'థామస్' రైలింజన్ కథలు రాసిన రెవరెండ్ డబ్ల్యు. ఆడ్రీకి పిల్లల నుంచి ఉత్తరాలొచ్చేవి: ఒక బొమ్మలో స్టేషన్ ఒకలా, ఇంకో బొమ్మలో మరోలా ఉందేమిటని. కథలన్నిటికీ ఒకే చోటు ఉండాలని ఆడ్రీకి తోచింది. ఐల్ ఆఫ్ మాన్‌కు వెళ్ళినప్పుడు అక్కడి బిషప్ పదవి పేరు 'సోడర్ అండ్ మాన్' అని విన్నాడు. మాన్ దీవి ఉంది, సోడర్ దీవి లేదు. ఇంగ్లండుకూ మాన్‌కూ మధ్య సముద్రంలో దాన్ని పెట్టేశాడు. తమ్ముడు జార్జ్‌తో కలిసి ఆ దీవికి గనులు, నదులు, పాత రాజులు, రైల్వే కంపెనీల విలీనాలు సమకూర్చాడు. ఆ నోట్సులన్నీ 1987లో ప్రత్యేక పుస్తకంగా వచ్చాయి. అందులో చాలా సంగతులు ఏ కథలోనూ కనిపించవు. ఇంజనుకు మొహం ఉంటుంది, మాట్లాడుతుంది, కానీ రెండు స్టేషన్ల మధ్య దూరం మాత్రం కథ కోసం మారదు. ఊహాలోక నిర్మాణంలో స్వేచ్ఛకూ కట్టుబాటుకూ ఉన్న సంబంధం ఇంతకంటే తేటగా ఇంకెక్కడా కనిపించదు.

జె.ఆర్.ఆర్. టోల్కీన్ (1892–1973) పేరు లేకుండా ఈ వ్యాసం పూర్తికాదు. ముందు పటం పెట్టుకుని కథను దానికి సరిపెట్టానని, తర్వాత పటం గీయబోతే చిక్కులన్నీ అప్పుడే బయటపడతాయని ఆయన ఒక ఉత్తరంలో చెప్పాడు. గ్రాఫ్ కాగితం మీద మొదలైన ఆయన పని పటం, కథ పెరిగేకొద్దీ అతుకుల మీద అతుకులైంది. 1955లో 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' మూడో సంపుటం కోసం పెద్ద స్కేలు పటం కావాల్సి వచ్చినప్పుడు తండ్రి నిద్రాహారాలు మాని కొలతలు సరిచేస్తే, కొడుకు క్రిస్టఫర్ పొద్దున ఆరు నుంచి మర్నాడు ఆరు దాకా కూర్చుని దాన్ని గీశాడు. ఆ లోకం పటాన్ని బొమ్మగా వేసిన చిత్రకారిణి పాలీన్ బేన్స్ దగ్గరున్న అచ్చు పటం ఒకటి 2015లో బయటపడి, మరుసటి ఏడు ఆక్స్‌ఫర్డ్‌లోని బాడ్లియన్ గ్రంథాలయానికి చేరింది. దాని మీద టోల్కీన్ చేతిరాత ఉంది: కథలోని హాబిటన్ ఊరు ఆక్స్‌ఫర్డ్ అక్షాంశం మీద, మినాస్ తిరిత్ నగరం ఇటలీలోని రవెన్నా అక్షాంశం మీద ఉంటాయని. చిత్రకారిణి ఎలాంటి చెట్లు వేయాలో, ఎండ ఎంత ఉండాలో తెలియాలంటే ఆ ఒక్క వాక్యం చాలు.

ఉర్సులా లె గ్విన్ ఎర్త్‌సీ దీవులను (1968) కాగితం మీద పరిచాకే వాటి మధ్య ఓడలు నడిపింది. విలియం ఫాక్‌నర్ 1936లో 'అబ్సలామ్, అబ్సలామ్!'కు మిసిసిపీలోని తన కల్పిత జిల్లా యోక్నపటాఫా పటం వేసి, 2,400 చదరపు మైళ్ళ విస్తీర్ణం, నల్లవాళ్ళు ఇంతమంది, తెల్లవాళ్ళు ఇంతమంది అని జనాభాతో సహా రాసి, ఏకైక యజమానిగా తన పేరు పెట్టుకున్నాడు.

ఎవరికీ చూపని పటాలు

ఆస్టిన్ టాపన్ రైట్ అమెరికాలో న్యాయశాస్త్రం బోధించేవాడు. చిన్నప్పుడు మొదలుపెట్టిన ఐలాండియా అనే దేశాన్ని జీవితమంతా పెంచాడు. దానికి చరిత్ర, వంశవృక్షాలు, వాతావరణ వివరాలు, భాష, సాహిత్యం రాశాడు. 1931లో కారు ప్రమాదంలో పోయేనాటికి ఏదీ అచ్చుకాలేదు. భార్య చేతిప్రతిని టైపు చేసింది, కూతురు కుదించింది, 1942లో నవల వచ్చింది. పటాలు గీసింది ఆయన సోదరుడు జాన్ కర్ట్‌లాండ్ రైట్. వృత్తిరీత్యా ఆయన భూగోళ శాస్త్రవేత్త, అమెరికన్ జియోగ్రాఫికల్ సొసైటీకి డైరెక్టరుగా పనిచేసినవాడు.

జెర్రీ గ్రెట్‌జింగర్ అనే అమెరికన్ కళాకారుడు 1963లో ఖాళీ వేళల్లో ఒక ఊరి పటం గీయడం మొదలుపెట్టాడు. 1983లో ఆపేసి, ఇరవై ఏళ్ళ తర్వాత మళ్ళీ అందుకున్నాడు. 8 అంగుళాలకు 10 అంగుళాల పలకలు 2 వేలు దాటాయి. రోజూ పేకముక్కల్లాంటి కార్డుల కట్టలోంచి ఒకటి తీస్తాడు. ఏ పలక మీద పనిచేయాలో, రంగు వేయాలో, కొత్త పలక చేర్చాలో ఆ కార్డు చెబుతుంది. కొన్ని కార్డులు పటంలో శూన్యాన్ని తెస్తాయి. అప్పుడు కట్టిన ఊళ్ళు తెల్లగా చెరిగిపోతాయి. ఫ్రాన్స్‌లో జిల్ ట్రెహాన్ పన్నెండేళ్ళ వయసులో ఉర్విల్ అనే మహానగరాన్ని ఊహించడం మొదలుపెట్టి, వందల పెన్సిల్ చిత్రాల్లో దాని వీధులు, చరిత్ర నింపాడు. ఇలాంటి పనులను కళ కింద లెక్కకట్టాలా, అభిరుచి కిందా అన్న చర్చకన్నా వాటి పట్టుదల ముఖ్యం.

పటం ఎలా పుడుతుంది

మొదటి నిర్ణయం స్కేలు. సెంటీమీటరుకు 50 కిలోమీటర్లు అనుకుంటే ఎ4 కాగితం పొడుగు సుమారు 1,485 కిలోమీటర్లు. గోదావరి పొడవు 1,465. అంటే మెలికలు తీసేసి తిన్నగా సాగదీస్తే గోదావరి ఆ కాగితానికి అంచు నుంచి అంచుకు వస్తుంది. కొత్తగా గీసేవాళ్ళు ఒక్క కాగితం మీద పది రాజ్యాలు, ఎడారి, మంచు ఖండం ఇరికించడం పరిపాటి. భూమి లాంటి గోళమైతే ఒక డిగ్రీ అక్షాంశం దాదాపు 111 కిలోమీటర్లు. ఎడారి నుంచి మంచుకు పోవాలంటే ఎన్ని డిగ్రీలు దాటాలో చూసుకుంటే కాగితం చాలదని తేలిపోతుంది. మనిషి రోజుకు పాతిక ముప్ఫై కిలోమీటర్లు నడుస్తాడు. హైదరాబాదు నుంచి విజయవాడకు తొమ్మిది, పది రోజులు పడుతుంది. రాజుగారి వేగు ఒక్క రాత్రిలో అంత దూరం చేరాడని రాస్తే దారిలో గుర్రాలు మార్చే మజిలీలు కూడా పటంలో ఉండాలి.

తర్వాత నదులు. అభిరుచిగాళ్ళు ఒకరికొకరు మొదట దిద్దుకునే తప్పు ఇదే. వాగులు కలిసి ఏరవుతాయి, ఏర్లు కలిసి నదవుతాయి. నది మధ్యదారిలో రెండుగా చీలి రెండు వేర్వేరు సముద్రాలకు పోవడం బహు అరుదు. సరస్సుకు సాధారణంగా ఒకే వెళ్ళుదారి ఉంటుంది. ఈ సూత్రాలు నేర్పడానికి గోదావరి కన్నా మంచి పాఠం లేదు. నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టినచోటు నుంచి అరేబియా సముద్రం 80 కిలోమీటర్లే. అయినా పడమటి కనుమలు అడ్డు, దక్కను పీఠభూమి తూర్పుకు వాలు, కనుక తూర్పునకు నడిచి బంగాళాఖాతంలో కలుస్తుంది. నదులు కొండలను చీల్చవని పుస్తకాల్లో రాసి ఉంటే పాపికొండల దగ్గర అది తూర్పు కనుమలను చీల్చుకుని వస్తుంది. ధవళేశ్వరం దగ్గర గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలుతుంది. అక్కడ వాలు పోయి, మోసుకొచ్చిన ఒండ్రు పరుచుకుంటుంది, అందుకే చీలిక. సూత్రం తెలిసినవాళ్ళ పటం తప్పులు లేకుండా ఉంటుంది. మినహాయింపుకు కారణం తెలిసినవాళ్ళ పటం నిజంగా ఉన్న చోటులా ఉంటుంది.

వాన కూడా అంతే. సముద్రపు గాలి కొండెక్కి చల్లబడి అటువైపు కురిసేస్తుంది, ఇటువైపు పొడిగా దిగుతుంది. కర్ణాటక కనుమల్లోని ఆగుంబెలో ఏటా 7,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంటే, అదే కనుమలకు తూర్పున అనంతపురం జిల్లాకు దక్కేది 550 చిల్లర. ఒక కొండవరుస గీసేవాళ్ళు ఒకపక్క అడవినీ రెండోపక్క కరువునూ గీస్తున్నారు. కరువు గీస్తే చెరువులు తవ్వాలి, చెరువులు తవ్వితే నీళ్ళు పంచే పద్ధతి, తగవులు తీర్చే పెద్దలు రావాలి. పటం నుంచి సమాజం వచ్చేది ఇలాగే. రాజుల పేర్లు, యుద్ధాల తేదీలతో మొదలుపెట్టిన లోకాలు చాలావరకు త్వరగా ఎండిపోవడానికి కారణం ఆ పేర్ల కింద నేల లేకపోవడం.

గుండ్రటి లోకాన్ని బల్లపరుపు కాగితం మీదికి దించడం మరో కష్టం. మెర్కేటర్ 1569లో తెచ్చిన పద్ధతిలో ధ్రువాల దగ్గరి నేల విపరీతంగా ఉబ్బుతుంది. ఆఫ్రికాలో పద్నాలుగో వంతు ఉండే గ్రీన్‌లాండ్ దాదాపు దానంత కనిపిస్తుంది. ఊహాలోకం మొత్తం గీసేవాళ్ళు ఎత్తుకు రెట్టింపు వెడల్పున్న దీర్ఘచతురస్రంలో గీసి, నాసా ఉచితంగా ఇచ్చే జీ-ప్రొజెక్టర్ అనే సాఫ్ట్‌వేర్‌తో గోళం మీదికి చుట్టి చూసుకుంటారు. ఖండాలు ఎలా కదిలాయో తేల్చుకోవాలనుకునేవాళ్ళు భూశాస్త్రవేత్తల కోసం తయారైన జీప్లేట్స్‌ను వాడతారు.

ఊరి పేర్లు చివర పెట్టుకునే అలంకారం కాదు. తెలుగు నేల మీద కుంట, చెరువు, గూడెం, పేట, పట్నం, లంక అన్న తోకలు చూస్తే నీటి వసతి, జనం, వర్తకం తెలుస్తాయి. లంక అని వినగానే నదీపాయల మధ్య దిబ్బ కళ్ళముందుకు వస్తుంది. కల్పిత దేశంలోనూ అలాంటి అయిదారు తోకలు నిర్ణయించుకుని వాడితే పటం ఒక్కసారిగా కుదురుకుంటుంది. కొందరు ఇంకా ముందుకు పోయి పూర్తి భాషే కడతారు. 'బాహుబలి' (2015)లో కాలకేయులు మాట్లాడే కిలికిని తమిళ రచయిత మదన్ కార్కి సుమారు 750 మాటలతో, 40 వ్యాకరణ సూత్రాలతో నిర్మించాడు. ఆ సినిమాతో తెలుగు ప్రేక్షకులకు కట్టుడు భాష తెరమీద పరిచయమైంది.

కల్పిత భూగోళం మనకు అంతకు ముందూ ఉంది. 1954లో 'తోకచుక్క'తో మొదలుపెట్టి దాసరి సుబ్రహ్మణ్యం చందమామలో రాసిన సీరియళ్ళు, మకరదేవత, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పేర్లతోనే తరాల పిల్లలకు లోయలూ దీవులూ చూపించాయి. ఆ దారులను, వాటికి చిత్రకారుడు చిత్రా వేసిన బొమ్మల ఆధారంగా, పటాలుగా గీసే పని ఎవరైనా చేపడితే తెలుగులో ఈ అభిరుచికి ఇంతకన్నా మంచి పాఠ్యపుస్తకం దొరకదు. ఆర్.కె. నారాయణ్ మాల్గుడిని (1935) అమెరికన్ పండితుడు జేమ్స్ ఫెన్నెలీ నవలల్లోని వివరాలు ఏరి పటంగా గీశాడు. సరయూ నది, మెంపి కొండలు, మార్కెట్ రోడ్డు, కబీర్ వీధి తమ తమ చోట్లు చేరాయి. ఆ ఊరిని టీవీ సీరియల్ కోసం శంకర్ నాగ్ చిత్రీకరించింది ఇందాకటి వానల ఆగుంబెలోనే.

ఆటలు, యంత్రాలు, ఉమ్మడి పటాలు

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఆట. ఆడించేవాళ్ళు సొంత లోకం సిద్ధం చేసుకోవాలి, ఆడేవాళ్ళు ఏ దారి పట్టినా అక్కడ ఏదో ఒకటి ఉండాలి. ఇళ్ళల్లో పటాలు గీయడం ఇంత విరివిగా వ్యాపించడానికి ఈ ఆట పెద్ద కారణం. ఎడ్ గ్రీన్‌వుడ్ అనే కెనడా కుర్రాడు కథల కోసం కట్టుకున్న ఫర్గాటెన్ రెల్మ్స్ 1987లో ఈ ఆటకు అధికారిక లోకంగా వెలువడింది. కంప్యూటరు వైపు చూస్తే, విల్ రైట్ 1984లో బాంబులు వేసే ఆట ఒకటి రాస్తూ, దాని దీవులు గీయడానికి చేసుకున్న పనిముట్టుతోనే ఎక్కువ ఆనందం ఉందని గమనించాడు. 'సిమ్‌సిటీ' (1989)కి మూలం అదే.

ఇప్పుడు అజ్‌గార్ పేరుతో నడిచే ఉచిత పట యంత్రం బటన్ నొక్కగానే తీరాలు, నదులు, రాజ్యాలు, మతాలు కూడా పుట్టిస్తుంది. ఇంకార్నేట్, వండర్‌డ్రాఫ్ట్ లాంటివి అందమైన కొండలు, చెట్ల గుర్తులు ఇస్తాయి. మొదలుపెట్టడానికి అవి మేలే. కానీ యంత్రం ఇచ్చిన పటాన్ని ఉన్నదున్నట్టు వాడుకునేవాళ్ళు ఈ అభిరుచిలోని ప్రధానమైన సుఖాన్ని, ఈ ఊరు ఇక్కడే ఎందుకుంది అని తమలో తాము తేల్చుకోవడాన్ని, వదులుకుంటున్నారు. లోకం పెంచడంలో మునిగి కథ ఎన్నటికీ రాయని రచయితల మీద మాత్రం విమర్శ ఉంది. రాయడమే లక్ష్యమైనవాళ్ళకు అది వర్తిస్తుంది. తోట పెంచేవాళ్ళను కూరగాయలు ఎందుకు అమ్మలేదని అడగం.

2012లో మొదలైన ఓపెన్‌జియోఫిక్షన్‌లో నిజమైన భూమికి పటాలు చేసే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సాంకేతికతతోనే, లేని గ్రహానికి అందరూ కలిసి పటం గీస్తారు. ఒక్కొక్కరికి కొంత నేల కేటాయిస్తారు. రోడ్లు, కాలువలు, బడులు, బస్టాండ్లు, ఇళ్ళ దాకా గీయవచ్చు. రాక్షసులు, మంత్రాలు ఉండవు, భూమిని పోలి ఉండాలి. ఒకరి కొండల్లో పుట్టిన నది పక్కవారి దేశంలోకి దిగుతుంది. దాని వెడల్పు సరిహద్దుకు అటూ ఇటూ ఒకేలా ఉండాలి, రైలు పట్టాల గేజి కలవాలి, వంతెన ఇద్దరి పటంలోనూ ఒకేచోట ఉండాలి. వేర్వేరు దేశాల్లో కూర్చున్న ఇద్దరు మనుషులు ఆ నది గురించి సందేశాలు రాసుకుని, ఒప్పందానికి వచ్చి, ఆ తర్వాతే గీత కలుపుతారు.